పీక పలకాలంటే నేల తడవాలి

ఫిబ్రవరి ఉదయం. జపాన్‌లో క్యోటో నుంచి ఒసాకా వైపు పారే యోడో నది గట్టు మీద జనం గుంపులుగా నిలబడి ఉంటారు. గట్టు దిగువన కనుచూపు మేర ఎండిన గడ్డి. గడ్డి అంటే మోకాలెత్తుది కాదు, మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తు. ఓ పక్కన నిప్పు పెడతారు. బోలు కణుపుల్లో చిక్కుకున్న గాలి వేడెక్కి బోదలు టపటపా పేలతాయి. నల్లటి పొగ ఆకాశానికెక్కుతుంది. మంట చల్లారాక ఆ నేలంతా మసి పూసిన పెనంలా మిగులుతుంది.

సంగతి తెలియనివాళ్లకు ఇది ఒక చిత్తడి నేల తగలబడిపోవడం. తెలిసినవాళ్లకు మాత్రం జపాన్ చక్రవర్తి కొలువులో వెయ్యేళ్లకు పైగా వినిపిస్తున్న ఒక సంగీతానికి వచ్చే ఏటి పంట వేయడం.

ఈ చోటి పేరు ఉడొనో. ఒసాకా రాష్ట్రంలోని తకత్సుకి నగరం శివార్లలో, యోడో నది కుడి గట్టున, సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవున పరుచుకున్న గడ్డి బీడు. విస్తీర్ణం దాదాపు 75 హెక్టార్లు, అంటే మన లెక్కలో 185 ఎకరాలు. దీని పేరు పాత సాహిత్యంలోనూ ఉంది. కి నొ త్సురయుకి అనే కవి పదో శతాబ్దంలో తోసా రాష్ట్రంలో ఉద్యోగం ముగించుకుని పడవలో రాజధానికి తిరిగి వెళ్తూ, దారిలో ఉడొనోలో ఒక రాత్రి ఆగినట్టు తన ‘తోసా దినచర్య’లో రాసుకున్నాడు. ఇక్కడ పెరిగే గడ్డిని జపనీయులు ‘యోషి’ అంటారు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. మన కిక్కిస గడ్డికి ఇది తోబుట్టువు. వృక్షశాస్త్రం రెండింటినీ ఫ్రాగ్మిటీస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చింది.

ఉడొనో యోషి మిగతా చోట్ల గడ్డి కన్నా లావుగా, ఎత్తుగా, గట్టి గోడతో పెరుగుతుందని పేరు. ఆ లావే దాన్ని రాజాస్థానానికి చేర్చింది.

జపాన్ ఆస్థాన సంగీతాన్ని గగాకు అంటారు. 701లో వచ్చిన తైహో ధర్మశాసనం కిందే దానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ కార్యాలయం ఏర్పడింది. చైనా, కొరియాల నుంచి వచ్చిన బాణీలు, జపాన్ సొంత బాణీలు కలగలిసి స్థిరపడిన సంగీతం ఇది. అందులో మన వాటా కూడా కొంత ఉందని సంప్రదాయం చెబుతుంది. భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు 752లో నారాలోని మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేశాడు. ఆయనతో పాటు వచ్చిన చంపా దేశపు భిక్షువు నేర్పిన నృత్యగీతాలు గగాకులో ఒక శాఖగా నిలిచాయంటారు. గగాకును యునెస్కో 2009లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నేటికీ చక్రవర్తి గృహ వ్యవహారాల సంస్థలో దీనికోసం ఒక సంగీత విభాగం పనిచేస్తోంది. గుళ్లలో, పెళ్లిళ్లలో కూడా ఈ సంగీతం వినిపిస్తుంది.

ఈ మేళంలో ప్రధాన రాగాన్ని మోసేది హిచిరికి. చూడటానికి పిల్లల బొమ్మలా ఉంటుంది. 18 సెంటీమీటర్ల వెదురు గొట్టం, ముందు ఏడు రంధ్రాలు, వెనక రెండు. దాని నోట్లో గుచ్చిన పీక మాత్రం ఒంటికి మించిన తలలా ఉంటుంది. సన్నాయి పీక చూసిన కళ్లకు ఇదెంత పెద్దదో వెంటనే తెలుస్తుంది. ఆ పీకను జపనీయులు ‘షిత’ అంటారు. ఆ మాటకు అర్థం నాలుక. దాన్ని ఉడొనో యోషి బోదతోనే చేయాలి.

ఇంత చిన్న వాయిద్యం అంత నిండైన గొంతుతో ఎలా పలుకుతుంది? భౌతికశాస్త్రం దగ్గర దీనికి చక్కని జవాబుంది.

పీక అంటే రెండు పలుచని పెదవులున్న తలుపు. వాయించేవాడు ఊదినప్పుడు నోటిలోని ఒత్తిడి ఆ తలుపును మూయబోతుంది. గొట్టంలో అటూ ఇటూ పరుగెత్తే ఒత్తిడి తరంగం తిరిగొచ్చి దాన్ని తెరుస్తుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఈ తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. మన చెవికి స్వరంగా వినబడేది ఆ లయే. గొట్టం పొడవు ఎంత వేగంగా కొట్టుకోవాలో చెబుతుంది, పీక ఆ మాట విని కొట్టుకుంటుంది. పీక మరీ బిరుసుగా ఉంటే మాట వినదు. మరీ మెత్తనైతే ఒత్తిడికి మూసుకుపోయి మూగబోతుంది.

పిల్లనగ్రోవి గొట్టానికి రెండు కొసలూ తెరిచినట్టే లెక్క. పీక బిగించిన కొస మాత్రం ధ్వనితరంగానికి మూసిన గోడలా పనిచేస్తుంది. హిచిరికి రంధ్రం పొడవునా దాదాపు ఒకే వెడల్పులో ఉంటుంది. అలాంటి గొట్టానికి ఒక కొస మూస్తే అదే పొడవులో స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. లెక్క వేసి చూడొచ్చు. పీకతో కలిపి హిచిరికి పొడవు 22 సెంటీమీటర్ల చిల్లర. రెండు కొసలూ తెరిచిన గొట్టమైతే సెకనుకు 770 కంపనాల దగ్గర మొదలవ్వాలి. ఒక కొస మూసినందువల్ల అది సగానికి, సుమారు 385కి దిగుతుంది. జానెడు గొట్టం బారెడు గొంతుతో పలకడంలోని కిటుకు ఇదే.

మన నాదస్వరం సంగతి వేరు. దాని గొట్టం పీక దగ్గర సన్నగా మొదలై అడుగుకు వచ్చేసరికి వెడల్పవుతుంది. శంఖువు ఆకారంలో ఉన్న గొట్టం ఒక కొస మూసినా తెరిచినట్టే ప్రవర్తిస్తుంది. కాబట్టి ఊపిరి పెంచితే పై స్థాయిలోకి తేలిగ్గా దూకుతుంది. హిచిరికికి ఆ సదుపాయం లేదు. దాని పరిధి ఒక స్థాయి కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ కొద్ది జాగాలోనే వాద్యకారుడు పీకను పెదవుల్లోకి లోపలికీ బయటికీ జరుపుతూ, ఒక స్వరం నుంచి మరో స్వరానికి మెల్లగా జారుతూ పోతాడు. మనవాళ్లు గమకమనే పనికి దగ్గరి చుట్టం ఇది. జపనీయులు దీన్ని ‘ఎంబాయ్’ అంటారు. ఆ మాట రాసేందుకు వాడే రెండు అక్షరాల్లో ఒకటి ఉప్పు, రెండోది పుల్లటి ఉమె పండు. వంటలో ఉప్పూ పులుపూ సరిపడటాన్ని చెప్పే మాటకూ అవే అక్షరాలు. వేళ్లు మూసే రంధ్రాలు మారకపోయినా పీక వంగే తీరును బట్టి స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. అందుకే ఈ వాయిద్యంలో వెదురు కన్నా పీకకే విలువ.

అందరికీ ఈ గొంతు నచ్చిందని కాదు. వెయ్యేళ్ల కిందట రాణివాసంలో ఉన్న రచయిత్రి సెయ్ షోనగోన్ తన ‘తలగడ పుస్తకం’లో హిచిరికిని శరత్కాలంలో గోల చేసే కీచురాయితో పోల్చి విసుక్కుంది. దగ్గర కూర్చుని వినలేమని ఆమె బాధ.

ఆ గొంతు పుట్టేది బురదలో.

నీళ్లు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు ఉండదు. మామూలు మొక్క వేళ్లు అక్కడ ఊపిరాడక కుళ్లిపోతాయి. యోషి బోద మాత్రం లోపల బోలు. నేలలో పసుపు కొమ్ముల్లా పాకే దాని కాండాల్లో కూడా గాలి గదులుంటాయి. ఎండకు ఆకు తొడుగుల్లో తేమతో కూడిన గాలి ఒత్తిడి పెరిగి, పచ్చి బోదల గుండా కిందికి దిగి, కొమ్ములన్నీ తిరిగి, పాత ఎండు మోళ్ల గుండా బయటికి పోతుంది. ఒక గుంపు బోదలు గాలి పీలిస్తే ఇంకో గుంపు వదులుతుందన్నమాట. అందుకే యోషిని నీటి మట్టానికి దిగువన కోస్తే మోళ్లలోకి నీళ్లు చేరి, కింద కొమ్ములు ఊపిరాడక చస్తాయి. వాయిద్యానికి పీకగా మారకముందే ఈ బోద తన లోపలి గాలితో బతుకు వెళ్లదీస్తుంది.

గట్టిదనం కూడా నీటి నుంచే. మిగతా గడ్డి జాతుల్లాగే యోషి నీటిలో కరిగిన సిలికాను వేళ్లతో పీల్చి కణాల గోడల్లో గాజులా పేర్చుకుంటుంది. గడ్డి కోస్తే చెయ్యి తెగడానికి కారణం ఇదే. దానికి తోడు బోద గోడలో పొడవునా సాగే నార కట్టలుంటాయి. బోద పీకగా ఎలా కంపిస్తుందన్నది ఈ నారల అమరికను బట్టి ఉంటుంది. క్లారినెట్ పీకల మీద జరిగిన అధ్యయనాల్లో, నార వలయం తెగిపోకుండా చుట్టూ వరుసగా ఉన్నవాటినే వాద్యకారులు మంచివని ఎంచుకున్నట్టు తేలింది. ఆ పీకలకు వాడే అరుండో అనే గడ్డి కూడా నీటి ఒడ్డుల సంతానమే. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం దానికి ప్రసిద్ధి. అదే మొక్క కాలిఫోర్నియా నదుల వెంట తిష్ఠ వేసి, తొలగించాల్సిన కలుపుగా మారింది.

చలికాలంలో యోషి ఆకులు రాల్చి, తనలోని చక్కెరను కిందికి, కొమ్ముల్లోకి దించుకుంటుంది. మిగిలిన బోద ఎండి బంగారు రంగు తిరుగుతుంది. కోతకు అదే అదను. కోసిన బోదలను వెంటనే వాడరు. ఏళ్ల తరబడి ఆరబెడతారు. తర్వాత వేలెడు ముక్కలుగా నరికి, ఒక కొసను వేడి చేసి, గుండ్రటి బోదను రెండు పెదవుల్లా అణిచి చదును చేస్తారు. అంచులను పలుచగా గీకుతారు. మొదలుకు కాగితం చుట్టి గొట్టంలో బిగుతుగా కూర్చునేలా చేస్తారు. పెదవులు ఎంత తెరుచుకోవాలో అదుపు చేసేందుకు మధ్యలో పేము బద్ద ఉంగరం తొడుగుతారు. చాలామంది వాద్యకారులు తమ పీక తామే చేసుకుంటారు. కచేరీ ముందు దాన్ని వేడి వేడి గ్రీన్ టీలో నానబెడతారు. ఎండిన గడ్డి టీ తాగి, మళ్లీ చిత్తడిలో ఉన్నంత తడిగా అయ్యాకే మాట్లాడుతుంది.

ఇంతవరకు నేల సంగీతానికి ఇచ్చిన లెక్క. సంగీతం నేలకు ఇచ్చినదేమిటో చూడాలంటే మళ్లీ ఫిబ్రవరి మంటల దగ్గరికి వెళ్లాలి.

యోషి బీడును దాని మానాన వదిలేస్తే అది అలాగే నిలిచి ఉండదు. ఏటా రాలిన ఆకులు, పడిపోయిన బోదలు గుట్టలు పడతాయి. నేల కొద్దికొద్దిగా ఎత్తవుతుంది, ఆరుతుంది. పొడి నేల మొక్కలు దిగుతాయి, చివరకు చెట్లు మొలుస్తాయి. ఈ మార్పును ఆపేవి రెండే. ఒకటి వరద, రెండోది మనిషి. ఒకప్పుడు యోడో నది ఏటా పొంగి బీడును ముంచేది. నీళ్లలో నిలవలేని కలుపు చచ్చేది, యోషి తన గాలి గదులతో బతికేది. మనిషి యోషిని కోసి ఇంటి కప్పుకు కప్పేవాడు, ఎండను అడ్డుకునే తడికెలు అల్లేవాడు. మిగిలిన దుబ్బులకు నిప్పు పెట్టేవాడు. మంట పైపైన పోతుంది. మట్టిలోని కొమ్ములకు సెగ తగలదు. పైనున్న కలుపు గింజలు, పురుగులు కాలిపోతాయి. మసి పట్టిన నల్ల నేల ఎండకు త్వరగా వేడెక్కి, వసంతంలో మొలకలు ఒకే ఎత్తున, నిటారుగా లేస్తాయి. పీకకు కావలసింది ఆ నిటారు బోదే.

ఇరవయ్యో శతాబ్దంలో బీడు నిలిచిన ఆ రెండు కాళ్లూ విరిగాయి. ఇళ్లకు పెంకులు, రేకులు వచ్చాయి, తడికెల గిరాకీ పడిపోయింది. 1970ల నుంచి వరదల బెడద తప్పించేందుకు యోడో నది గర్భాన్ని తవ్వి లోతు చేశారు. నీటి మట్టం దిగిపోయింది. నది పొంగినా బీడు మీదికి రావడం అరుదైంది. చిత్తడి నేల ఆరిపోయింది. నీళ్లు లేకపోతే యోషికి ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం పోయినట్టే. ఓగి అనే పొడి నేల గడ్డి, అమెరికా నుంచి వచ్చిన పొడవాటి పసుపు పూల కలుపు, అల్లుకుపోయే తీగలు ఆక్రమించడం మొదలుపెట్టాయి. దాంతో నది నుంచి పంపులతో నీరు ఎత్తి, కాలువలు తవ్వి, బీడులోకి పారించే పని చేపట్టారు. ఒకప్పుడు నది ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు మోటార్లు కావాల్సి వచ్చింది.

మంట విలువ ఎంతో 2021లో తెలిసింది. వాతావరణం ఒకసారి, కరోనా మరోసారి అడ్డుపడి, వరుసగా రెండేళ్లు ఫిబ్రవరి మంట ఆగింది. కనముగుర అనే తీగ ఇదే అదనుగా విజృంభించింది. అది హాప్స్ జాతికి చెందిన తీగ, ముళ్ల నూగుతో బోదను పట్టుకుని పైకి పాకుతుంది. దాని బరువుకు బోద వంగుతుంది, పడుకుంటుంది. ఎండ తగలక సన్నబడుతుంది. ఆ ఏడాది చివర కోతకు వెళ్లినవాళ్లకు హిచిరికికి పనికొచ్చే లావు బోదలు దాదాపు కనబడలేదు. వార్త గగాకు లోకంలో కార్చిచ్చులా పాకింది. మేళం వాయించేవాళ్లూ, వినేవాళ్లూ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ బీడులోకి దిగి చేతులతో తీగలు పీకడం మొదలుపెట్టారు. 2022లో మంట మళ్లీ వెలిగింది.

75 హెక్టార్ల గడ్డిలో సంగీతానికి పోయేది పిడికెడే. ఆ పిడికెడు కోత వల్ల బీడు బాగుపడదు. కానీ ఆ పిడికెడు కోసం గట్టెక్కి వచ్చే మనుషులున్నారు. తడికెల వ్యాపారి వెళ్లిపోయాడు, ఇంటి కప్పు వేసేవాడు వెళ్లిపోయాడు. బీడు ఎండితే గుర్తుపట్టి అడిగేవాళ్లలో హిచిరికి వాద్యకారులు మిగిలారు. ఆ బీడు మీదుగా మహారహదారి వంతెన కట్టే ప్రణాళికను పక్కన పెట్టిన చోటు నుంచి 2012లో మళ్లీ బయటికి తీసినప్పుడు ముందుగా గొంతెత్తినవాళ్లలో గగాకు కళాకారులున్నారు. ఆ తర్వాత వంతెన పనులతో పాటే యోషి ఎదుగుదల, నేల తడి ఎలా ఉన్నాయో పరిశీలించే నిపుణుల కమిటీ కూడా వచ్చింది.

వాళ్లు కాపాడుకున్నది పీక కోసమే అయినా, దాని నీడలో బతికేవి వేరే ఉన్నాయి. వేసవి సాయంత్రాల్లో వేలాది వానకోవెలలు (స్వాలో పక్షులు) రాత్రి బసకు ఈ బీడులోకి దిగుతాయి. బోదల మధ్య గూడు కట్టే ఒక పిట్ట పేరులోనే యోషి ఉంది, ‘ఓయోషికిరి’. మే, జూన్ నెలల్లో అది బోద కొసన కూర్చుని పెద్ద గొంతుతో కరకరా అరుస్తుంది. దట్టమైన గడ్డిలో సన్నని గొంతు దూరం పోదు. గట్టిగా, మళ్లీ మళ్లీ పలికితేనే పక్క పొదలో వినబడుతుంది. సెయ్ షోనగోన్ వింటే దీన్నీ హిచిరికి జాబితాలోనే చేర్చేదేమో.

మన దగ్గర ఈ బంధం కావేరి గట్టున కనిపిస్తుంది. నాదస్వరం పీకలకు కావలసిన బోదలు కావేరి, కొళ్లిడం ఒడ్డుల నుంచే వస్తాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆ రెండు నీటి పాయల నడుమ ఉన్న లంకే శ్రీరంగం. నాదస్వర విద్వాంసుడి మెడలోనో, వాయిద్యం అంచునో పీకల గుత్తి వేలాడటం చూసినవాళ్లకు తెలుసు, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. గాలిలో తేమ మారితే పీక గొంతు మారుతుంది. పెళ్లి పందిట్లో మంగళవాద్యం మొదలయ్యే ముందు పీకను నోట్లో పెట్టుకుని తడిపే ఆ రెండు నిమిషాలూ, క్యోటోలో టీ గిన్నెలో షిత నానే ఆ రెండు నిమిషాలూ ఒకే పని.

కొల్లేటి కిక్కిసకు అలాంటి గుర్తింపు రాలేదు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన ఈ సరస్సులో కిక్కిస చాలామందికి దారికి అడ్డొచ్చే పొద, పడవను ఆపేసే కలుపు. దాని కోసం పేరు పెట్టి అడిగే వాయిద్యం ఏదీ లేదు. ఉడొనోలోనూ లావైన ఆ బోద ఒక వాయిద్యానికి నాలుకగా కుదిరి ఉండకపోతే, అక్కడి బీడు సంగతి కూడా ఇలాగే ఉండేదేమో.

ప్లాస్టిక్‌తో చేసిన హిచిరికిలు ఇప్పుడు దొరుకుతున్నాయి. నేర్చుకునే పిల్లలకు చవక, విరగవు. కచేరీకి కూర్చునేటప్పుడు మాత్రం వాద్యకారులు ఉడొనో బోదకే మొగ్గు చూపుతారు. ఆ బోద కోశాక ఆరడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈ చలికాలం కోసింది ఈ ఏటి కచేరీకి అందదు. 2021లో దొరకని బోదల వెలితి చేతిలో మిగిలిన పాత నిల్వతో గడిపే వాద్యకారుడికి తెలుస్తుంది. ఫిబ్రవరిలో గట్టు మీద నిలబడి మంట చూసేవాళ్లలో కొందరు పొగ చూడరు. గాలి ఎటు వీస్తోంది, ఎక్కడ మంట పట్టలేదు, ఏ మూల తీగ మిగిలిపోయింది అని వెతుకుతారు. ఆ మసిలోంచి ఏప్రిల్‌లో పచ్చటి ములుకులు పైకొస్తాయి. వేసవి ముగిసేసరికి అవి మనిషికి రెండింతలు ఎదుగుతాయి.